‘రు’తో నా పాట

పదకొండు గంటలకు కరావోకే గదిలో అడుగుపెట్టగానే నేను చేసిన మొదటి పని తలలు లెక్కపెట్టడం. నాతో కలిపి తొమ్మిది. సోఫాలో నాకు దొరికింది ఐదో చోటు. అంటే నాకు ‘ఒ’, ‘సె’, ‘ను’, ‘మి’ వస్తాయి. ఆట ఆగకుండా అంతదాకా సాగితే ‘రు’ కూడా నాకే. వేళ్ళ మీద మళ్ళీ లెక్కేసి చూసుకున్నాను. సందేహం లేదు.

మా కంపెనీ జపాన్ వాళ్ళది. జురాంగ్ ఐలాండ్ అనే ఫ్యాక్టరీల ద్వీపంలో ప్లాంటు. పెద్దవాళ్ళెవరైనా తిరిగి జపాన్ వెళ్ళిపోతుంటే ఆర్చర్డ్ రోడ్డు వెనక పాత ప్లాజాలో ఒక గది తీసుకుని పాటలు పాడి సాగనంపుతారు. ఆటకో పద్ధతి ఉంది. జపాన్ అక్షరాల వరసలో వంతులు నడుస్తాయి. మొదటివాడికి అ, పక్కవాడికి ఇ, తర్వాత ఉ, ఎ, ఒ. అవి అయ్యాక క, కి, కు, కె, కొ. ఆ పైన స, త, న, హ, మ, య, ర వరసలు. ఎవరి వంతుకు ఏ అక్షరం వస్తే ఆ అక్షరంతో పేరు మొదలయ్యే జపాన్ పాట ఒక్క చరణం పాడాలి. పాట రానివాళ్ళకు శిక్ష. వెళ్ళిపోతున్న మనిషికి చెప్పకుండా దాచిన నిజం ఒకటి అందరి ముందూ చెప్పాలి.

ఈ వరస నాకు ఒక్క సాయంత్రంలో వచ్చేసింది. మా నాన్న ఆర్మూరులో తెలుగు పంతులు. ఊళ్ళో సగం మందికి గుణింతాలు దిద్దబెట్టింది ఆయనే. క, కి, కు, కె, కొ అని ఎవరైనా మొదలుపెడితే నా నోరు దానంతటదే అందుకుంటుంది. ఆరేళ్ళలో ఒక నోటుబుక్కు నింపాను. తెలుగు లిపిలో జపాన్ పాటలు, అక్షరానికి కనీసం ఒకటి. చాలావాటికి అర్థం నాకు తెలియదు. తెలియకపోయినా పాడేస్తాను. ‘ర’ వరసలో జపాన్ వాళ్ళకే పాటలు దొరకవు, ‘రు’ అయితే మరీ కష్టం. నా దగ్గర ఉంది. ఒకసారి పాడితే గది గదంతా లేచి నిలబడింది. ఇన్నేళ్ళలో శిక్ష ఒక్కసారి కూడా పడని మనిషిని నేనొక్కదాన్నే. గర్వంగా ఉండేదా అంటే, ఉండేది. ఎందుకు దాచాలి?

ఈ రోజు మాత్రం చెప్పాల్సిన నిజం ఒకటి గొంతులో అడ్డంపడి ఉంది. కక్కలేను, మింగలేను.

వెళ్ళిపోతున్నది మా ప్లాంటు మేనేజరు నిషివాకి గారు. సాయంత్రం విమానం. ఒంటిగంటన్నరకు ఆయన ఈ గది వదిలి వెళ్ళిపోతారు. సోమవారం కొత్త మేనేజరు వస్తాడు. అతనికి నేనెవరో, దానయ్య ఎవరో తెలియదు. బల్ల మీద సంతకమైన కాగితం ఉంటుంది, దాని ప్రకారం దానయ్యను పంపించేస్తాడు. చెబితే ఈ రెండున్నర గంటల్లో చెప్పాలి. లేకపోతే ఇక లేదు.

దానయ్య శ్రీకాకుళం వైపు మనిషి. పైపులు బిగించే గ్యాంగుకు పెద్ద. పందొమ్మిదేళ్ళుగా ఈ ద్వీపంలోనే పని. నేను పర్మిట్లు ఇచ్చే ఆఫీసరుని. ఏ పైపు విప్పాలన్నా నేను స్వయంగా వెళ్ళి, లోపల ఏమీ లేదని, సరైన వాల్వుకే తాళం పడిందని కళ్ళతో చూసి, అప్పుడు సంతకం పెట్టాలి. రూలు అది. పొద్దున్నే నలభై పర్మిట్లు వచ్చిపడతాయి. తమిళ గ్యాంగుల దగ్గరికీ బంగ్లాదేశ్ గ్యాంగుల దగ్గరికీ వెళ్ళేదాన్ని. దానయ్య గ్యాంగుకు మాత్రం ఫోను చేసేదాన్ని. “దానయ్యన్నా, తాళం ఏసిన్రా?” “ఏసీసినామమ్మా.” సంతకం. మనవాడి మాట మీద నమ్మకం అని పేరు పెట్టుకున్నాను. ఒళ్ళు బద్ధకం అంటే సరిగ్గా సరిపోయేది.

మూడు వారాల కిందట మంగళవారం కుండపోతగా వాన. సైటు ఏడు నిమిషాల దూరం. ఫోను చేశాను, దానయ్య ఏసీసినామమ్మా అన్నాడు, సంతకం పెట్టేశాను. ఆ వానలో వాళ్ళు తాళం వేసింది పక్క వాల్వుకి. జాయింటు విప్పగానే మరిగే నీళ్ళు చిమ్మాయి. దానయ్య ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది.

విచారణలో నిషివాకి గారు నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. సైటుకు వెళ్ళారా? అప్పటికే దానయ్య వాళ్ళతో చెప్పేశాడు, నేను వచ్చి చూసి వెళ్ళానని, వెళ్ళాక తనే తొందరపడి వేరే జాయింటు విప్పాడని. ముందు రోజు క్లినిక్‌లో కట్టు కట్టించుకుంటూ నాతో అన్నాడు. “నాకేటవ్వుద్దమ్మా, ఒక వార్నింగు కాయితం ఇత్తారు, అంతే. నీకయితే పాసే పోద్ది. పిల్లలున్నారు.” ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. మా ఆయన ఇమాద్ ఉద్యోగం పోయి నాలుగు నెలలు. ఇల్లు, పిల్లల స్కూళ్ళు, ఈ దేశంలో మా ఉనికి మొత్తం నా వర్కు పాసు మీదే నిలబడి ఉంది. అది పోతే ముప్పై రోజుల్లో మూటాముల్లే సర్దుకోవాలి. నిషివాకి గారి మొహంలోకి చూసి, వెళ్ళాను అన్నాను.

దానయ్యకు తెలియనిది ఏమిటంటే, ఈ ఏడాది నుంచి వార్నింగులు లేవు. పర్మిటు మీరిన పనివాణ్ణి పంపించేయడమే.

“ఫహ్మీదా గారూ, మీ ‘ఒ’!” అని పక్కనుంచి హరికృష్ణ మోచేత్తో పొడిచాడు. ప్లానింగ్ ఇంజనీరు, తెనాలి మనిషి, నోట్లో నువ్వుగింజ నానదు. లేచి ‘ఒ’ పాడాను. రైల్వే స్టేషన్లో ఎవరికో వీడ్కోలు చెప్పే పాట. నిషివాకి గారు కళ్ళు మూసుకుని చేత్తో తాళం వేశారు. బల్ల కింద చెప్పు ఊడదీస్తున్నాను, తొడుక్కుంటున్నాను.

‘కి’ వచ్చినవాడికి పాట లేదు. “మీరు ఫ్రిజ్‌లో పెట్టుకున్న బీన్స్ మిఠాయి తిన్నది నేనే” అని ఒప్పుకున్నాడు. అందరూ గోల. ‘సు’ దగ్గర హరికృష్ణ లేచి చేతులు కట్టుకుని, “సార్, మీ పుట్టినరోజు కేకు ఆర్డరివ్వడం మర్చిపోయి, బేకరీ తగలబడిందని చెప్పాను. ఆ బేకరీ లక్షణంగా ఉందండీ” అన్నాడు. నిషివాకి గారు నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎంత సులువుగా చెప్పేస్తున్నారు వీళ్ళు! మిఠాయిలు, కేకులు. నాకు వాళ్ళందరి మీదా చెప్పలేనంత కోపం వచ్చింది.

నా ‘సె’ అయ్యాక ఫోను వణికింది. దానయ్య దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో, ఒక వాయిస్ మెసేజి. గదిలో డ్రమ్ముల హోరు. వరండాలోకి వెళ్ళి చెవి దగ్గర పెట్టుకున్నాను.

“ఫమీదమ్మా, నిన్న సాయంత్రం ఈ కాయితం సేతిలో ఎట్టినారు. సోమారం ఎల్లిపొమ్మన్నారు. పర్నేదు, ఇంటికాడ నాలుగు రోజులుండి వత్తాను. మల్లీ ఎప్పుడు రావొచ్చని రాసినారో కూసింత సదివి సెప్పమ్మా. నీకు కాలీ అయినప్పుడే.”

ఫొటో పెద్దది చేసి చదివాను. మళ్ళీ ఎప్పుడు అన్న మాటే అందులో లేదు. ఈ ద్వీపంలో మా కంపెనీకి చెందిన ఏ ప్లాంటులోనూ ఇక అతన్ని తీసుకోకూడదు, ఇతర కంపెనీలు అడిగితే కారణం చెప్పాలి అని ఉంది. కింద నిషివాకి గారి సంతకం. పందొమ్మిదేళ్ళలో ఒక్క మచ్చ లేదని చెప్పుకునే మనిషి. కొత్త కుర్రాళ్ళకు పని నేర్పేటప్పుడు ఆ మాటతోనే మొదలుపెడతాడు. ఇంగ్లీషు కాగితం వస్తే అందరినీ వదిలి నాకే పంపుతాడు. జవాబు పెట్టకుండానే ఫోను సంచిలో వేసుకున్నాను.

వెనక్కి తిరిగేసరికి నిషివాకి గారు గదిలోంచి బయటికి వస్తున్నారు. బాత్రూముకి కాబోలు. ఇదే అదను అనుకున్నాను. “నిషివాకి-సాన్, ఒక్క నిమిషం” అన్నాను ఇంగ్లీషులో. ఆయన ఆగారు.

“మీ పాటలు లేకపోతే ఈ ఆరేళ్ళు చాలా పొడుగ్గా ఉండేవి, ఫహ్మీదా-సాన్. ఏమిటి, చెప్పండి.”

నోరు తెరిచాను. చిన్నవాడి స్కూలు యూనిఫాం కళ్ళముందు కదిలింది. మొన్ననే కొన్నాం, రెండు సైజులు పెద్దది, వచ్చే ఏడు కూడా వస్తుందని. “జపాన్‌లో ఇప్పుడు చలిగా ఉంటుందా?” అని అడిగాను. ఆయన కాస్త వింతగా చూసి, ఉండదని చెప్పి వెళ్ళారు. గోడకు తల బాదుకోవాలనిపించింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నేనైతే నూతి గట్టు మీద నిలబడి వాతావరణం కనుక్కుంటున్నాను.

వరండాలోంచే ఇమాద్‌కు ఫోను చేశాను. జరిగింది అతనికి మొదటి రోజే తెలుసు.

“లెటర్ వచ్చింది. ఇగ ఆయనను రానియ్యరంట. ఎప్పటికీ.”

అతని వెనక పిల్లలు టీవీ దగ్గర కొట్టుకుంటున్నారు. “తుమ్ క్యా కర్నా చాహ్తే?” అని అడిగాడు. నువ్వేం చేద్దామనుకుంటున్నావు అని.

“తెలుస్తలేదు.”

“నాకు జాబ్ దొరికేదాకా ఆగుదామా అంటే, ఆయన సోమవారమే పోతున్నడు గదా. నేనైతే చెప్పమని చెప్పలేను, ఫహ్మీ. చెప్పొద్దని గూడ చెప్పలేను.”

నాకు అతని మీదా కోపం వచ్చింది. ఎవరో ఒకరు నా తరఫున తేల్చేస్తే బాగుండునన్నది నా ఆశ. ఎవరూ తేల్చరు.

లోపలికి వచ్చి ‘ను’ పాడాను. గొంతు రెండుచోట్ల జారింది, ఎవరూ పట్టించుకోలేదు. ‘మి’ కూడా పాడాను. పన్నెండున్నర దాటింది. హెచ్ఆర్ చూసే మే లింగ్ టైము చూసి, త్వరగా, త్వరగా లా, కారు వచ్చేస్తుంది అని ఇక్కడివాళ్ళ యాసలో తరమడం మొదలుపెట్టింది. ము, మె, మొ పరుగులు తీశాయి. చేతిలో నిమ్మరసం గ్లాసు పెదవి దాకా తీసుకెళ్ళి తాగకుండా దించుతున్నాను. ఆట ‘య’ దగ్గర ఆగిపోతే బాగుండునని ఒకసారి, ఆగకూడదని మరోసారి మొక్కుకున్నాను. ఏ మొక్కు ఎవరు వింటారులే అని మళ్ళీ నా మీద నాకే విసుగు.

‘ర’ వచ్చినతను శిక్షకు సిద్ధపడి ఏదో చెప్పాడు. ‘రి’ కూడా అంతే. చప్పట్లు. అప్పుడు అందరూ ఒక్కసారిగా నావైపు తిరిగారు.

“రు! రు! రు!”

ఆ అక్షరంతో పాట ఉన్నది నాకొక్కదానికే అని గదిలో అందరికీ తెలుసు. మే లింగ్ నన్ను అడగకుండానే నంబరు నొక్కేసింది. తెర మీద సముద్రం, ఓడ. నాకు కంఠతా వచ్చిన సంగీతం మొదలైంది. నిషివాకి గారు ముందుకు వంగి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. ఆయనకు ఇష్టమైన పాట. పాడితే నాలుగు నిమిషాల్లో ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, అందరం ఫొటో దిగుతాం, ఆయన వెళ్ళిపోతారు. నేను మంచిదాన్నిగానే మిగిలిపోతాను.

మైకు తీసుకున్నాను. పాడాల్సిన చోటు వచ్చింది, దాటిపోయింది.

“నా దగ్గర పాట లేదు” అన్నాను.

“అబద్ధం!” అని హరికృష్ణ అరిచాడు. “ఉందండీ ఆవిడ దగ్గర, నేను చెవులారా విన్నాను!”

“లేదు. శిక్ష వేసుకుంటాను.”

ఒకటే కేకలు, ఈలలు. ఫహ్మీదా-సాన్‌కు శిక్ష! ఎవరో ఫోనుతో వీడియో తీయడం మొదలుపెట్టారు. నేను నిషివాకి గారి వైపు తిరిగాను.

“మూడు వారాల కిందట మంగళవారం నేను సైటుకు వెళ్ళలేదు.”

అందరూ పగలబడి నవ్వారు. చప్పట్లు కొట్టారు. వానలో పని ఎగ్గొట్టిన కబురు అనుకున్నారు, కేకు లాంటిదే, మిఠాయి లాంటిదే. నిషివాకి గారు కూడా నవ్వారు. పక్కనున్న అతను “రె! రె!” అంటూ నా చేతిలోని మైకు అందుకున్నాడు. అతని పాట మొదలవుతోంది.

అయిపోయింది. చెప్పానని నాకు నేను సర్దిచెప్పుకోవచ్చు. చెప్పాను కదా, వాళ్ళు వినకపోతే నేనేం చేయను? ఆ మాట నా మనసులో ఎంత త్వరగా తయారైపోయిందో చూసి నాకు భయమేసింది. ఇంతకంటే చవకబారు మనిషి ఎక్కడైనా ఉంటుందా అనిపించింది.

మే లింగ్ ముందున్న రిమోటు లాక్కుని పాట ఆపేశాను.

“దానయ్య చెయ్యి కాలిన మంగళవారం,” అన్నాను. మైకు లేకుండానే నా గొంతు గదికి సరిపోయింది. “పర్మిటు మీద సంతకం ఆఫీసులో కూర్చుని పెట్టాను. ఆయన గ్యాంగుకు నేను ఎప్పుడూ అంతే, ఫోను మీదే పెట్టేదాన్ని. వాల్వు చూడలేదు. నేను వచ్చానని ఆయన చెప్పింది అబద్ధం, నన్ను కాపాడటానికి. వెళ్ళానని మీతో నేను చెప్పింది అబద్ధం, నన్ను నేను కాపాడుకోవడానికి.”

ఎవరూ నవ్వలేదు. వీడియో తీస్తున్న చెయ్యి కిందికి దిగింది. కప్పు మీద రంగు దీపాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి, అందరి మొహాల మీదా ఎర్రగా, పచ్చగా. హరికృష్ణ బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

నిషివాకి గారు లేచి నన్ను బయటికి రమ్మన్నారు. వరండాలో నిలబడి మళ్ళీ అదే ప్రశ్న అడిగారు. “సైటుకు వెళ్ళారా?”

“లేదు.”

“మీ సంతకం చూసి నేను ఎన్ని పైపుల పక్కన నిలబడ్డానో మీకు తెలుసా? నా పిల్లల వయసు వాళ్ళను నిలబెట్టాను.” ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే భరించేదాన్ని. “ఈ ఆటలో చెప్పాల్సిన విషయమా ఇది?”

“కాదు. వేరేచోట చెప్పే ధైర్యం నాకు రాలేదు.”

ఆయన అక్కడే మెట్ల మీద కూర్చుని, బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి, పావుగంట సేపు ఏదో రాశారు. ఒకసారి ఫోనులో జపాన్ భాషలో మాట్లాడారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. కూర్చోబుద్ధి కాలేదు. చివరికి తల ఎత్తి చెప్పారు. దానయ్యకిచ్చిన కాగితం చెల్లదు. వాల్వు పొరపాటుకు, చెప్పిన అబద్ధానికి అతనికి హెచ్చరిక ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది. నేను సోమవారం గేటు దాటి లోపలికి రానక్కర్లేదు, గేటు పాసు అక్కడే అప్పగించాలి. మిగతాది హెచ్ఆర్ చెబుతుంది.

నేను తల ఊపాను. ఆయన నమస్కారంగా వంగారు. ఎప్పుడూ వంగేంత కిందికి వంగలేదు. లిఫ్టు వచ్చింది, వెళ్ళిపోయారు.

గదిలోకి మళ్ళీ వెళ్ళలేదు. సంచి హరికృష్ణ తెచ్చి ఇచ్చాడు. ఏదో అనబోయి, “జాగ్రత్తండీ” అన్నాడు. అతని నోట అంత పొట్టి మాట నేనెప్పుడూ వినలేదు. కిందికి దిగి, ఎండలో, ట్యాక్సీల వరస పక్కన నిలబడి దానయ్యకు ఫోను చేశాను. శనివారం సగం పూట, డార్మిటరీలో ఉన్నాడు. వెనక ఎవరో పెద్దగా పాటలు పెట్టుకున్నారు. మొత్తం చెప్పాను. కాగితంలో నిజంగా ఏముందో కూడా చెప్పాను.

“ఎంత పని సేసినావమ్మా!” అన్నాడు చివరికి. అది కోపమో, బాధో నాకు తెలియలేదు. “పిల్లల్ని పెట్టుకుని ఇప్పుడేటి సేత్తావు?”

“చూడాలె అన్నా. తెల్వదు.”

“నానేదో సూసుకుందును గదా. ఇంత పెద్దది సెయ్యాలా?” నన్ను ఓదార్చే మాట వెతుకుతున్నాడని నాకు అర్థమైంది. “సూడమ్మా, ఆ రోజు ఆ వర్సంలో నువ్వు రాకపోడమే మంచిదయ్యింది. వచ్చుంటే ఆ నీల్లు నీ మీదే పడును. ఆడమనిసివి, సెయ్యంతా కాలిపోవును.”

మూడు వారాలుగా అతను ఈ మాటనే పట్టుకుని ఉన్నాడేమో. దాన్ని పట్టుకునే విచారణలో అబద్ధం చెప్పాడేమో. నేను కూడా ఇన్నాళ్ళూ దాన్ని అతని చేతుల్లోనే ఉండనిచ్చాను.

“దానయ్యన్నా, నేను వచ్చుంటే తాళం చూసేదాన్ని. తప్పు వాల్వుకు పడ్డదని సెకన్ల చెప్పేదాన్ని. ఎవ్వరి చెయ్యీ కాలకపోతుండె.”

అవతల పాట ఎవరో తగ్గించారు. నేను ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని నిలబడ్డాను. అతను నెమ్మదిగా అన్నాడు.

“అవునమ్మా. నువ్వు రావలసింది.”